కొత్త పైలట్లను పెంచితే స్క్వాడ్రన్ బలం తగ్గుతుందా?

ప్రశ్న
వాయుసేనలో ఫైటర్ పైలట్ల కొరత ఉందంటే శిక్షణ కేంద్రాల నుంచి ఎక్కువమందిని పంపాలనే అందరూ అంటారు. అలా చేస్తే పోరాట సత్తా ఇంకా పడిపోతుందని ఈమధ్య చదివాను. మనుషులు పెరిగితే బలం తగ్గడమేమిటి? ఎవరైనా లెక్కతో చెప్పగలరా?

గగనవీధి
చిక్కు శిక్షణ కేంద్రంలో లేదండీ, స్క్వాడ్రన్‌లో, అంటే శిక్షణ అయ్యాక పైలట్లు చేరే యుద్ధవిమానాల దళంలో ఉంది. 18 విమానాలు, విమానానికి ఒకటిన్నర చొప్పున 27 మంది పైలట్లు అనుకుందాం. ఒక్కొక్కరికి ఏడాదికి 180 గంటలు దక్కాలంటే స్క్వాడ్రన్ నెలకు 405 గంటలు ఎగరాలి. విమానాలు అవే ఉండగా ఇంకో 9 మంది వచ్చారు. అవే 405 గంటలు 36 మందికి పంచితే తలా నెలకు 11 గంటల పైచిలుకు.

అమెరికా వాయుసేనలో ఫైటర్ పైలట్‌ను అనుభవజ్ఞుడిగా లెక్కించే మామూలు కొలమానం ఆ రకం విమానంలో 500 గంటలు. నెలకు 15 గంటలైతే 2 సంవత్సరాల 9 నెలల్లో అక్కడికి చేరతాడు. 11 గంటల పైచిలుకైతే 3 సంవత్సరాల 8 నెలలు. పోస్టింగ్ మూడేళ్లే అయితే రాటుదేలకముందే బదిలీ అయిపోతాడు.

అంతకంటే పెద్ద నష్టం ఇంకోటి. కొత్తవాడు వింగ్‌మన్‌గా (నాయకుడి వెంట ఎగిరే పైలట్‌గా) ఎగిరిన ప్రతిసారీ పక్క విమానంలో ఫ్లైట్ లీడ్, అంటే ఆ జట్టును నడిపే అనుభవజ్ఞుడు ఉండాలి. ఆ సార్టీలో (ఒక విమానం ఒకసారి ఎగిరి దిగడం) లీడ్ నేర్చుకునేది చాలా తక్కువ. స్క్వాడ్రన్‌లో అనుభవజ్ఞుల వాటా సగానికి పడిపోతే నాలుగు విమానాల దళాన్ని నడిపే సాధన దాదాపు ఆగిపోతుంది. రేపటి బోధకులు తయారవ్వాల్సింది ఆ సాధనలోనే.

హ్యాంగర్ నీడ
మరి గంటలే పెంచితే సరిపోదా అంటే, అది విమానాల మరమ్మతు చూసే మా వైపు తగులుతుంది. 36 మందికీ 15 గంటలివ్వాలంటే నెలకు 540. పెద్ద తనిఖీ 300 గంటలకోసారి అనుకోండి. 405 గంటలకు నెలకు 1.35 తనిఖీలు, 540కి 1.8. ఒక్కో తనిఖీకి మూడు వారాలు పట్టే డాక్ (విమానాన్ని నిలిపి తనిఖీ చేసే చోటు) ఒక్కటే ఉంటే నెలకు 1.4 దాటదు. విమానాలు వరుసలో నిలబడిపోతాయి.

అందుకే తనిఖీకి మిగిలిన గంటలను 18 విమానాల మధ్య మెట్లలా అమర్చుతారు: ఒకదానికి 17, తర్వాతదానికి 34, ఆపైది 51, అలా. మంచి స్థితిలో ఉందని ఒకే విమానాన్ని రోజూ పంపితే ఆ మెట్లు కూలిపోయి నాలుగైదు ఒకేసారి డాక్‌కు వస్తాయి.

విడిభాగాలు లేక పక్క విమానం నుంచి పీకితే పని రెట్టింపు: పాతది విప్పాలి, పక్కదాన్ని విప్పాలి, ఇక్కడ బిగించాలి, కొత్తది వచ్చాక అక్కడ బిగించాలి. బాగున్న కనెక్టర్ల పిన్నులు వంగేది ఇలాంటప్పుడే. సంతకం పెట్టే అర్హత ఉన్న సీనియర్ టెక్నీషియన్లు చాలకపోతే జూనియర్లు ఎంతమంది ఉన్నా విమానం కదలదు.

ప్రశ్న అడిగినవారు
ఇద్దరికీ ధన్యవాదాలు. ఆ ఎగిరే గంటల లోటును సిమ్యులేటర్‌తో (నేల మీదే ఎగిరినట్టు సాధన చేయించే యంత్రం) పూడ్చలేమా?

తూర్పుగాలి
కొంతవరకే. అత్యవసర చర్యలు, దూరం నుంచి రాడార్‌తో చేసే పోరు, శత్రువు పసిగట్టకూడదని మామూలుగా గాల్లో వాడని పరికరాల మోడ్‌లు: వీటికి సిమ్యులేటరే మేలు. వేగంగా మలుపు తిరిగేటప్పుడు ఒంటిమీద పడే జి-భారం, నిజంగా అడుగంటుతున్న ఇంధనం అందులో రావు. నేల మీది సిబ్బందికి సాధన అసలే ఉండదు.

తొలి పది పోరాట సార్టీలు దాటినవాడు బతికే అవకాశం బాగా పెరుగుతుందని వియత్నాం అనుభవంతో తేలింది. ఆ పదీ శాంతికాలంలోనే గడిచిపోవాలని 1975లో అమెరికాలోని నెల్లిస్ వైమానిక స్థావరంలో రెడ్ ఫ్లాగ్ అనే యుద్ధ సాధన మొదలుపెట్టారు. అక్కడ ఎగరడం ఎంత ముఖ్యమో డీబ్రీఫ్ (దిగాక కూర్చుని చేసే సమీక్ష) అంతే ముఖ్యం: ర్యాంకు పక్కనపెట్టి, రికార్డింగ్ ఆపి ఆపి చూస్తూ, ఏ క్షణంలో ఏం తెలిసి ఆ నిర్ణయం తీసుకున్నావని అడుగుతారు. గంటంబావు సార్టీకి మూడు నాలుగు గంటల డీబ్రీఫ్ మామూలే. దాన్ని నడిపేది బోధకుడే కాబట్టి వాళ్లను తగ్గనివ్వకూడదు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ ఆరితేరిన పైలట్లను ముందు వరుసలోనే ఉంచి పోగొట్టుకుంది. అమెరికా మాత్రం తన ఆరితేరిన పైలట్లను వెనక్కి రప్పించి బోధనకు పెట్టింది. 1944 జూన్‌లో ఫిలిప్పీన్ సముద్ర యుద్ధానికి వచ్చేసరికి జపాన్ వైపు చాలామంది అరకొర శిక్షణతో ఎగిరినవాళ్లే.