బిజార్ క్రియేషన్స్‌ను ముంచింది ఎవరు? యాక్టివిజనా, ‘బ్లర్’ ఆటా, 2007 నాటి నిర్ణయమా?

రాత్రిబండి:
లివర్‌పూల్‌లోని వీడియో గేమ్ స్టూడియో బిజార్ క్రియేషన్స్ 2011 ఫిబ్రవరి 18న మూతపడింది. అప్పటికి అక్కడ పనిచేసేవాళ్లు దాదాపు 200 మంది. రేసింగ్ ఆటల మార్కెట్ మారిపోయిందని, ‘బ్లర్’ మీద బాగా డబ్బు పెట్టినా కొనేవాళ్లు దొరకలేదని దాని యజమాని యాక్టివిజన్ చెప్పింది. ఈ మాట నేను ఒప్పుకోను. ఒక్కసారి తేదీలు చూడండి.

‘బ్లర్’ 2009 చివర్లో రావాల్సిన ఆట. వెనక్కి జరిపి జరిపి అమెరికాలో 2010 మే 25న వదిలారు. సరిగ్గా వారం ముందు, మే 18న, ‘స్ప్లిట్/సెకండ్’ వచ్చింది. అదీ పేలుళ్లతో ప్రత్యర్థిని పడగొట్టే రేసింగే. అదే రోజు ‘రెడ్ డెడ్ రిడెంప్షన్’ కూడా దిగింది. ప్లేస్టేషన్ వాళ్లకి ‘మోడ్‌నేషన్ రేసర్స్’ వచ్చింది ‘బ్లర్’ రోజునే. ఆ వారం జేబులో ఒక్క ఆటకే డబ్బున్నవాడు ఏది కొంటాడు?

నవంబర్ సంగతి ఇంకా ఘోరం. బిజార్ చేసిన జేమ్స్ బాండ్ ఆట ‘బ్లడ్ స్టోన్’ 2010 నవంబర్ 2న వచ్చింది. అదే రోజు నింటెండో వీ మీద ‘గోల్డెన్‌ఐ 007’ వచ్చింది, అదీ యాక్టివిజన్‌దే. సరిగ్గా వారం తర్వాత వాళ్లదే ‘కాల్ ఆఫ్ డ్యూటీ: బ్లాక్ ఆప్స్’. తన రెండు బాండ్ ఆటల్ని తనే ఒకే రోజు పోటీకి దింపినవాడు, తప్పు మార్కెట్‌దంటే ఎలా నమ్మాలి?

గేరు నాలుగు:
తేదీల గురించి మీరు చెప్పింది నిజమే గానీ, జబ్బు అంతకంటే పాతది రాత్రిబండి గారూ. ఈ స్టూడియో ఏ పేరు నిలబెట్టినా ఆ పేరు వాళ్లది కాదు.

1996లో ప్లేస్టేషన్ మీద ‘ఫార్ములా 1’ చేశారు, తర్వాత ‘ఫార్ములా 1 97’. ప్రచురించింది సిగ్నోసిస్. బిజార్ వాళ్లు పక్కకు తప్పుకోగానే 98 ఆటను ఇంకో స్టూడియో చేసింది. 2000లో సెగా కన్సోల్ డ్రీమ్‌కాస్ట్ మీద ‘మెట్రోపాలిస్ స్ట్రీట్ రేసర్’ వచ్చింది, యూరప్‌లో నవంబర్‌లో, అమెరికాలో జనవరి 2001లో. ఆ జనవరి 31నే డ్రీమ్‌కాస్ట్ తయారీ ఆపేస్తామని సెగా ప్రకటించింది. అదే ఆలోచనని మైక్రోసాఫ్ట్‌కి పట్టుకెళ్తే ‘ప్రాజెక్ట్ గోథమ్ రేసింగ్’ (పీజీఆర్) అయింది. 2001లో ఎక్స్‌బాక్స్‌తో మొదటి రోజే ఒకటి, 2005లో ఎక్స్‌బాక్స్ 360తో మొదటి రోజే మూడోది. నాలుగు ఆటలు చేశారు, పేరు మాత్రం మైక్రోసాఫ్ట్ సొత్తు.

2007 సెప్టెంబర్‌లో యాక్టివిజన్ సుమారు 6.74 కోట్ల డాలర్లకి బిజార్‌ని కొంది. ‘పీజీఆర్ 4’ దుకాణాల్లోకి వచ్చింది ఆ మరుసటి వారమే. అంటే ఆ డబ్బుకి యాక్టివిజన్‌కి దక్కింది చేతులు, బుర్రలు. జనానికి తెలిసిన రేసింగ్ పేరు దక్కలేదు. కాబట్టి కొత్త పేరుతో మొదటి ఆటే హిట్ కొట్టాలి. ఆ షరతు మీద ఎవరు నిలబడతారు?

మలుపు దగ్గర:
ఇద్దరూ ఆట జోలికి పోవట్లేదు. ‘బ్లర్’ మంచి ఆట, అందులో సందేహం లేదు. చిక్కల్లా అది ఎవరికోసమన్న దగ్గరే.

పీజీఆర్‌లో అసలు ప్రత్యర్థి గోడ. ఊళ్లో వీధి మలుపు, తొంభై డిగ్రీలు. బండి నిటారుగా ఉండగానే బ్రేకు వేసి వేగం తగ్గించాలి. స్టీరింగ్ తిప్పడం మొదలుపెట్టగానే హ్యాండ్‌బ్రేక్ ఒక్క తాకు, వెంటనే వదిలేయాలి. వెనక చక్రాలు జారగానే స్టీరింగ్ ఎదురు తిప్పి, యాక్సిలరేటర్‌తో ఆ జారుడుని నిలబెట్టాలి. సొగసుగా నడిపినందుకిచ్చే కుడోస్ పాయింట్లు పేరుకుంటాయి. అవి ఖాతాలో పడేలోపు ఇంకో ఓవర్‌టేకో ఇంకో జారుడో కలిపితే గొలుసు పెరుగుతుంది. ఆ మధ్యలో వెనక బంపరు గోడకి రాసుకుందా, గొలుసు మొత్తం పోయినట్టే. కొత్తవాళ్లు చేసే తప్పు హ్యాండ్‌బ్రేక్‌ని పట్టుకునే ఉండటం. వేగం చచ్చిపోతుంది, బండి గిర్రున తిరుగుతుంది.

ఇప్పుడు ‘బ్లర్’ చూడండి. ఒక రేసులో 20 కార్ల దాకా, అన్నీ అసలు కంపెనీలవి, ఫోర్డ్ ట్రాన్సిట్ సూపర్‌వ్యాన్ సహా. ఆయుధాలకి మూడు ఖాళీలు. షంట్ అనే ఎర్ర బంతి ముందున్నవాణ్ని వెంటాడుతుంది, బార్జ్ చుట్టూ ఉన్నవాళ్లని తోసేస్తుంది, షాక్ అందరికంటే ముందున్నవాడి దారిలో విద్యుత్ గుమ్మటాలు పెడుతుంది. చాలావాటిని ముందుకీ వెనక్కీ వాడొచ్చు. నైట్రోని వెనక్కి వాడితే అది బ్రేకు. లోతైన ఆటే. కానీ కుడోస్ కోసం పదేళ్లు గోడకి అంగుళం దూరంలో నడిపినవాణ్ని వెనకనుంచి ఎర్ర బంతి కొట్టి పడేస్తే వాడికి మండదా? ‘మారియో కార్ట్’ ఇష్టపడేవాడేమో పెట్టె మీద అసలు కారు, రాత్రి వీధి చూసి ఇది సిమ్యులేషన్ అనుకున్నాడు. ప్రకటన చూస్తే బొమ్మల కార్ట్ ఆటల్ని వెక్కిరిస్తూ తీశారు. రావాల్సిన జనాన్నే వెక్కిరిస్తే ఎట్లా?

పాత డిస్కు:
ఒక్క ‘బ్లర్’ మీదే నింద వేయకండి. ‘స్ప్లిట్/సెకండ్’ చేసిన బ్రైటన్ స్టూడియో బ్లాక్ రాక్‌ని డిస్నీ 2011లోనే మూసేసింది. ‘ఫార్ములా 1’ ప్రచురించిన సిగ్నోసిస్ తర్వాత సోనీ స్టూడియో లివర్‌పూల్ అయింది, దాన్నీ 2012 ఆగస్టులో మూసేశారు. 2011 ఫిబ్రవరిలోనే యాక్టివిజన్ ‘గిటార్ హీరో’ విభాగాన్నే ఎత్తేసింది, ఒకప్పుడు అది బంగారు బాతు. ప్రతి సంవత్సరం భారీగా అమ్ముడుపోని దాన్ని ఎవరూ ఉంచుకోదలచుకోలేదు. బిజార్ ఆ గాలిలో కొట్టుకుపోయింది.

మలుపు దగ్గర:
గాలి అంత చెడ్డదైతే 2012 అక్టోబర్‌లో ‘ఫోర్జా హొరైజన్’ ఎలా నిలబడింది అన్నా? లీమింగ్టన్ స్పాలోని ప్లేగ్రౌండ్ గేమ్స్ చేసింది. జారుడు, ఓవర్‌టేకు, తృటిలో తప్పించుకోవడం, అన్నీ గొలుసుగా కలిపితే పాయింట్లు, గుద్దితే గొలుసు పోతుంది. ఇది కుడోస్ కాకపోతే ఏమిటి? కొనేవాళ్లు ఉన్నారు, వాళ్లకి కావాల్సిందాన్ని బిజార్ చేతే మాన్పించారు.

రాత్రిబండి:
ఇది నా వాదనకే బలం. అయినా గేరు నాలుగు గారి మాట ఒకటి ఒప్పుకుంటున్నాను. పీజీఆర్ పేరు చేతిలో ఉండి ఉంటే తేదీ తప్పినా ఒక దెబ్బకి తట్టుకునేవాళ్లు.

గేరు నాలుగు:
ఇంకో రుజువు కూడా ఇస్తాను. ‘జామెట్రీ వార్స్’ మొదట ‘పీజీఆర్ 2’లో గరాజ్‌లో ఒక మూల ఆర్కేడ్ పెట్టెలో దాచిన చిన్న ఆట. 2005లో ‘రెట్రో ఇవాల్వ్‌డ్’గా 360లో విడిగా వచ్చి పేరు తెచ్చుకుంది. స్టూడియో మూసేశాక పాతవాళ్లు లివర్‌పూల్‌లోనే లూసిడ్ గేమ్స్ పెట్టుకున్నారు. 2014లో ‘జామెట్రీ వార్స్ 3’ చేసింది వాళ్లే, కానీ యాక్టివిజన్ వాళ్ల సియెరా బ్రాండు కింద. తమ గరాజ్‌లో పుట్టినదాన్ని చేయడానికి, తమను మూసేసినవాళ్ల దగ్గరకే పోవాల్సి వచ్చింది. నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఇదే.

కొత్త చక్రం:
ఇవన్నీ ఇప్పుడు ఆడాలంటే దారి ఉందా? ‘బ్లర్’లో షంట్ తప్పించుకోవడం కూడా చెప్పండి.

పాత డిస్కు:
పీజీఆర్ ఆటల్లో ఒక్కటీ ఎక్స్‌బాక్స్ వన్ మీద గానీ సిరీస్ ఎక్స్ మీద గానీ నడవదు. 3, 4 కావాలంటే పాత 360, డిస్కు రెండూ కొనాల్సిందే. ‘బ్లర్’ పీసీ డిజిటల్ అమ్మకం ఎప్పుడో ఆగిపోయింది, సెకండ్ హ్యాండ్ డిస్కు వెతకండి. ఒకే టీవీ మీద నలుగురు ఆడొచ్చు, దానికి సర్వర్లతో పనిలేదు.

డ్రీమ్‌కాస్ట్ కొంటే ఒక జాగ్రత్త. ‘మెట్రోపాలిస్ స్ట్రీట్ రేసర్’ కన్సోల్ గడియారం చూసి లండన్, టోక్యో, శాన్‌ఫ్రాన్సిస్కోలలో పగలో రాత్రో నిర్ణయిస్తుంది. లోపలి ఎంఎల్2032 బ్యాటరీ ఈపాటికి చచ్చి ఉంటుంది, ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ అడుగుతుంది. విసుగొచ్చి దాటేస్తే ఊళ్ల వేళలన్నీ తప్పుతాయి. ఆ బ్యాటరీ ఛార్జ్ అయ్యే రకం, కంట్రోలర్ పోర్టుల బోర్డుకి సోల్డర్ చేసి ఉంటుంది. దాని బదులు మామూలు సీఆర్2032ని నేరుగా పెట్టకండి. ఛార్జింగ్ కరెంటు దాంట్లోకి పోయి ఉబ్బిపోతుంది, కారిపోతుంది కూడా. మళ్లీ ఎంఎల్2032నే వేయించండి.

మలుపు దగ్గర:
షంట్ సంగతి: మూడు ఖాళీల్లో ఒకటి ఎప్పుడూ షీల్డుకో బార్జ్‌కో అట్టిపెట్టండి. వెనకనుంచి హెచ్చరిక కనిపించగానే కంగారుగా నొక్కొద్దు, షీల్డు కాసేపే ఉంటుంది. బంతి దగ్గరపడ్డాక బార్జ్ నొక్కితే పగిలిపోతుంది. మైన్‌ని (మందుపాతర) వెనక్కి వదిలినా, బోల్ట్ తూటాల్ని వెనక్కి కాల్చినా అడ్డుకుంటాయి, కాకపోతే గురి కుదరాలి. ఏదీ లేకపోతే మలుపులో లోపలి అంచుకి ఆనుకుని తిరగండి, చాలాసార్లు అది గోడకే తగులుతుంది.