ఎంఎస్ రెండో సెమిస్టర్‌తోనే అకడమిక్ సస్పెన్షన్: అప్పీల్ లెటర్‌లో ఏం రాయాలి?

నిద్రపట్టని_మే:

నమస్తే అండీ. అమెరికాలో ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద కంప్యూటర్ సైన్స్ ఎంఎస్ చేస్తున్నాను. పోయిన సోమవారం గ్రాడ్యుయేట్ స్కూల్ నుంచి మెయిల్ వచ్చింది. జీపీఏ 3.0 లేదు కాబట్టి ఫాల్ (ఆగస్టులో మొదలయ్యే సెమిస్టర్) నుంచి సస్పెండ్ చేస్తున్నారట, పది రోజుల్లో అప్పీల్ చేసుకోవచ్చట. నాలుగు రోజులు అప్పుడే గడిచిపోయాయి. ఆ మెయిల్‌ని ఇప్పటికీ చివరిదాకా చదవలేకపోయాను.

మొదటి సెమిస్టర్‌లో బీ, సీ, బీ. అంటే 2.67. ప్రొబేషన్‌లో, అంటే హెచ్చరిక మీద, పెట్టారు. జనవరి నుంచి ఒళ్లు దగ్గర పెట్టుకుని చదివాను, ఫిబ్రవరి క్విజ్‌లన్నీ బాగా రాశాను. మార్చి మూడో వారంలో నాన్నకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, మాట రెండూ పడిపోయాయి. డాక్టర్లు చెప్పేది అమ్మకు అర్థం కాదు, తమ్ముడికేమో ఇంటర్ పరీక్షలు. ఇక్కడ రాత్రి పదంటే అక్కడ పొద్దున ఎనిమిదిన్నర, డాక్టర్లు రౌండ్స్‌కి వచ్చే టైమ్. ఆ ఫోన్లూ, మందుల సంగతీ, ఫిజియోథెరపీ అయ్యేసరికి ఇక్కడ రెండు దాటేది. అల్గారిథమ్స్ క్లాసు పొద్దున ఎనిమిదింటికి. ఏప్రిల్‌లో ఆ క్లాసుకి మూడుసార్లే వెళ్లాను. ప్రొఫెసర్‌కి ఒక్క ముక్క చెప్పలేదు, సాకులు అనుకుంటారేమోనని. చివరికి బీ, బీ, ఎఫ్. మొత్తం కలిపి 2.33.

మూడు పేజీల లెటర్ రాశాను. చదువుతుంటే నాకే ఏడుపొస్తోంది, కానీ అది చదివి వాళ్లు నన్నెందుకు ఉంచుకోవాలో మాత్రం తెలియడం లేదు. ఎవరో కన్సల్టెన్సీ వాళ్లు డబ్బు తీసుకుని రాసిస్తారని రూమ్మేట్ చెప్పింది. కావాలంటే నా పేరు మీద డాక్టర్ సర్టిఫికెట్ కూడా ఇప్పిస్తారట. ఇంట్లో ఇంకా చెప్పలేదు. నాన్న ఇప్పుడిప్పుడే నా పేరు పలుకుతున్నారు.

పాతకాపు:

చెల్లెమ్మా, మీ పరిస్థితిలో ఒకప్పుడు నేనూ ఉన్నాను. నా మొదటి అప్పీల్ కొట్టేశారు, అందుకే చెబుతున్నాను. ఆ లెటర్‌లో ఏం జరిగిందో రెండు పేజీలు రాశాను. ఇకపై ఏం చేస్తానో మాత్రం ‘కష్టపడి చదువుతాను’ అని ఒక్క వాక్యం. ఆ వాక్యం అందరూ రాస్తారు.

ముందు కాగితం తీసుకుని లెక్క వెయ్యండి. ఏ అంటే 4, బీ 3, సీ 2, ఎఫ్ సున్నా. ఆరు సబ్జెక్టులకి మీకు వచ్చినవి 14 పాయింట్లు. 14ని 6తో భాగిస్తే 2.33. ఇప్పుడు మీ కాలేజీ రిపీట్ రూల్ వెతకండి. మళ్లీ రాసిన గ్రేడు పాత ఎఫ్ స్థానంలోకి వస్తుందా, లేక రెండూ లెక్కలోకి వస్తాయా? స్థానంలోకి వస్తే, ఫాల్‌లో అల్గారిథమ్స్‌తో కలిపి మూడు సబ్జెక్టుల్లో ఒక ఏ, రెండు బీలు తెచ్చుకుంటే చాలు. 24ని 8తో భాగిస్తే సరిగ్గా 3.0. రెండూ లెక్కిస్తే మాత్రం మూడూ ఏలు వచ్చినా 26ని 9తో భాగించాలి, అది 2.89. అప్పుడు ఒక్క సెమిస్టర్‌లో బయటపడడం కుదరదు. రెండు సెమిస్టర్ల గడువు అడగాలి. ఈ లెక్క లెటర్‌లో కనబడాలి. నా రెండో అప్పీల్‌ని ఒప్పుకున్నది ఇలాంటి టేబుల్ చూసే.

లెటర్ ఒక పేజీ దాటనివ్వకండి. ప్రొఫెసర్‌కి చెప్పలేదన్న సంగతి రాయకపోవడమే మంచిది, మీ తప్పు మీరే ఎత్తిచూపినట్టవుతుంది.

అడ్వైజింగ్‌లో_పనిచేశాను:

లెక్క విషయంలో పైన చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ఆఖరి మాట మాత్రం ఒప్పుకోను. కొన్నేళ్లు ఒక అడ్వైజింగ్ ఆఫీసులో పనిచేశాను, ఈ మీటింగుల్లో కూర్చున్నాను. నాన్నగారికి అలా జరిగిందని చదివి ఎవరైనా బాధపడతారు. వెంటనే వచ్చే ప్రశ్న: ‘మరి ఎవరికీ ఎందుకు చెప్పలేదు?’ దానికి మీ లెటర్‌లో జవాబు లేకపోతే ఫాల్‌లో ఏదైనా జరిగినా మళ్లీ మౌనంగానే ఉండిపోతారని అనుకుంటారు. రాయండమ్మా. ‘సాకు అనుకుంటారని భయపడ్డాను, అది నా పొరపాటు, ఇప్పుడు ఫలానా రోజు వెళ్లి ప్రొఫెసర్‌ని కలిశాను’ అని రాయండి. రాసే ముందు నిజంగా వెళ్లి కలవండి. వెళ్లేటప్పుడు ఆయన సంతకం కోసం కాకుండా, ఏప్రిల్‌లో మీకేమైందో చెప్పడానికని వెళ్లండి.

ఆ సర్టిఫికెట్ జోలికి మాత్రం పోవద్దు. దొంగ కాగితం బయటపడితే అది మార్కుల సమస్యగా ఉండదు, క్రమశిక్షణ కేసు అవుతుంది. నాన్నగారి డిశ్చార్జ్ సమ్మరీ ఉంటుంది కదా, అదే మీ సాక్ష్యం. తేదీలు కనిపించాలి. ఆ తేదీల పక్కన మీ క్విజ్ మార్కులు పెట్టండి. ఫిబ్రవరిలో బాగున్నవి మార్చి చివర్లో పడిపోయాయని వాళ్లకే అర్థమవుతుంది.

ఇవాళే ఇంటర్నేషనల్ ఆఫీసుకి వెళ్లి డీఎస్‌వోని (విదేశీ విద్యార్థుల వీసా సంగతులు చూసే కాలేజీ అధికారిని) కలవండి. దేశం విడిచి వెళ్లడానికిచ్చే 60 రోజుల గ్రేస్ పీరియడ్ చదువు పూర్తిచేసినవాళ్లకే. డీఎస్‌వో అనుమతితో ముందే మానుకుంటే 15 రోజులు ఉంటుంది. స్టేటస్ నిలబెట్టుకోలేదని సెవిస్‌లో (విదేశీ విద్యార్థుల వివరాలుండే ప్రభుత్వ డేటాబేస్‌లో) మీ రికార్డు టెర్మినేట్ అయితే ఒక్కరోజు కూడా ఉండదు. అప్పీల్ నడుస్తుండగా రికార్డు ఎలా ఉంచుతారో నోటిమాటగా కాక మెయిల్‌లో అడగండి. ‘ఫాల్‌లో తక్కువ సబ్జెక్టులు తీసుకుంటాను’ అని ప్లాన్‌లో రాయకండి. మీకు జబ్బు చేస్తే కోర్సులు తగ్గించుకునే వీలుంది గానీ, ఇంట్లోవాళ్లకు బాగోలేదని తగ్గించుకునే వీలు ఎఫ్-1లో లేదు. ఫుల్ లోడ్‌తోనే ఎలా నెట్టుకొస్తారో చూపించాలి.

ఇంట్లో చెప్పండి. మీరు రాసిస్తే తప్ప మీ రికార్డు గురించి కాలేజీ మీ ఇంట్లోవాళ్లతో మాట్లాడదు, కాబట్టి వాళ్లకు వేరే దారిలో తెలిసే అవకాశం తక్కువే. కానీ ఫాల్‌లో రాత్రి ఫోన్లు ఎవరు చూసుకుంటారో వాళ్లతో తేల్చుకోకుండా మీ ప్లాన్ పూర్తికాదు.

రాయలసీమ_కుర్రాడు:

అప్పీల్ పోతే వేరే కాలేజీకి ట్రాన్స్‌ఫర్ అవ్వచ్చు, కానీ దానికి సెవిస్ రికార్డు ఇంకా యాక్టివ్‌గా ఉండాలి. అందుకని ఇప్పుడే ఒకటి రెండు చోట్ల కనుక్కుని పెట్టుకో అక్కా. ‘జీపీఏ చూడం, క్లాసుకి రానక్కర్లేదు’ అనేవాళ్ల దగ్గరికి మాత్రం పోవద్దు. 2011లో కాలిఫోర్నియాలో ట్రై వ్యాలీ యూనివర్సిటీని మూసేసినప్పుడు మనవాళ్ల కాళ్లకు రేడియో ట్యాగులు కట్టారు. 2019లో మిషిగన్‌లో బయటపడిన ఫార్మింగ్టన్ అయితే ప్రభుత్వమే వల పన్ని నడిపిన కాలేజీ. అందులో చిక్కుకున్నవాళ్లలోనూ చాలామంది తెలుగువాళ్లే.

నిద్రపట్టని_మే:

అందరికీ చాలా థ్యాంక్స్ అండీ. రిపీట్ రూల్ దొరికింది. ఒక కోర్సుకు ఒకసారి మాత్రం కొత్త గ్రేడు పాతదాని స్థానంలోకి వస్తుందట. 24 బై 8 లెక్కని టేబుల్‌గా పెట్టాను, అడ్వైజర్ చూసి సంతకం చేశారు.

నిన్న ప్రొఫెసర్‌ని కలిశాను. ఆయన ఎక్కువేం మాట్లాడలేదు. ‘ఏప్రిల్‌లో చెప్పి ఉంటే ఇన్‌కంప్లీట్ ఇచ్చేవాణ్ణి’ అన్నారు. అంటే ఎఫ్ వేయకుండా, మిగిలింది తర్వాత పూర్తిచేసుకోనిచ్చేవారు. ఆ మాట విన్నాక పార్కింగ్‌లో చాలాసేపు కూర్చుండిపోయాను. కానీ రెండు లైన్ల లెటర్ ఇస్తానన్నారు, సాయంత్రానికి మెయిల్ చేశారు కూడా. మూడు పేజీలు ఒకటిన్నరకు వచ్చాయి. ఎవరికీ చెప్పకపోవడం నా తప్పని రాశాను. పాతకాపు అన్నా, ఆ ఒక్కటి మీరు చెప్పినట్టు చెయ్యలేదు, ఏమనుకోకండి.

డిశ్చార్జ్ సమ్మరీ అడగాలంటే ఎందుకో చెప్పాల్సి వచ్చింది. రాత్రి అమ్మకు మొత్తం చెప్పేశాను. కోప్పడుతుందనుకున్నాను, ‘రోజూ రెండింటిదాకా మేలుకునేదానివని నాకేం తెలుసే’ అంది. ఇకనుంచి డాక్టర్‌తో తమ్ముడు మాట్లాడతాడు, నేను ఆదివారం ఒక్కరోజే. అది కూడా ప్లాన్‌లో రాశాను. కాగితం నాన్నది కదా, పంపమంటారా అని ఆయన్నే అడిగాను. ఎడం చేత్తో ఫోన్ పట్టుకుని ‘పంపు’ అన్నారు. రెండు అక్షరాలూ స్పష్టంగా వినిపించాయి. అప్పీల్ ఇందాకే సబ్మిట్ చేశాను.