దేవుని పిల్లలగుటకు... అధికారమా, భాగ్యమా?

కృష్ణాతీరం: బైబిల్లో యోహాను సువార్త 1:12 “తన్ను ఎందరంగీకరించిరో వారికందరికి” అని మొదలుపెడితే చివర “దేవుని పిల్లలగుటకు ఆయన భాగ్యము అనుగ్రహించెను” అనే వస్తోంది నోటికి. అచ్చులో చూస్తే “అధికారము”. ఈ భాగ్యం ఎక్కడిదండీ? పాత అనువాదమేదైనా ఉందా?

నిఘంటుప్రియ: ప్రార్థనల్లో “నీ పిల్లలయ్యే భాగ్యం ఇచ్చావు తండ్రీ” అని వినీ వినీ అలా పట్టేసి ఉంటుంది. గ్రీకు మూలంలో ఉన్న మాట ఎక్సూసియా, అంటే అధికారం. విడుదల చేయడానికీ సిలువ వేయడానికీ నాకు అధికారం ఉందని రోమా అధిపతి పిలాతు యేసుతో అన్నదీ, అదే సువార్తలో, ఆ మాటతోనే. భాగ్యం అంటే ఆ లంకె తెగిపోతుంది.

తర్కప్రియుడు: పిలాతుది దొరతనం, ఇది వేరు. వేదాంత గ్రంథాల అనుబంధ చతుష్టయంలో (గ్రంథారంభంలో చెప్పుకునే నాలుగు అంశాల్లో) మొదట వచ్చేది అధికారి, అంటే అర్హుడు. బ్రహ్మవిద్యకు ఎవరికి అధికారం లేదో తేల్చడానికే బ్రహ్మసూత్రాల్లో అపశూద్రాధికరణం, అంటే శూద్రులకు ఆ అర్హత లేదనే భాగం, ఉంది. అలాంటి మాటను తెచ్చి “వారికందరికి” పక్కన పెట్టారు! నా మట్టుకు తెలుగు బైబిల్లో ఇంతకన్నా సాహసమైన మాట లేదు.

వినుకొండ గాలి: ఇక్కడ కవి జాషువాను తలుచుకోకపోతే ఎలా? ఆయన క్రీస్తు చరిత్రకు 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది, సరే. ఈ “అధికారము” బరువు తెలియాలంటే మాత్రం ఆయన గబ్బిలం కావ్యమే చదవాలి. గుడి గడప తొక్కనివ్వని మనిషి, గుడిలో వేలాడే గబ్బిలంతో కాశీ విశ్వనాథుడికి కబురు పంపుతాడు.

తర్కప్రియుడు: అక్కడి బాధ తలుపు మూసినందుకు గానీ అర్హత లేనందుకు కాదు కదా.

వినుకొండ గాలి: మూసినవాళ్లు చెప్పిన కారణం అర్హత లేదనే కదండీ!

సీమపాఠకుడు: పౌలు “దత్తపుత్రాత్మ” (రోమా 8:15) ఎవరూ ఎత్తలేదేం? 1928లో రాయలసీమ అనే పేరు పెట్టేదాకా మావి దత్తమండలాలు. 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు. అందుకే “దత్త” వినగానే ఇచ్చిందెవరు అని అడగాలనిపిస్తుంది. మన దత్తతలో కన్నవాళ్లు ఇస్తారు, పెంచేవాళ్లు పుచ్చుకుంటారు. గలతీ 4:5లో ఇచ్చేవాడే లేడు, “విమోచించుటకై” అని ఉంది. దాస్యం నుంచి విడిపించి కొడుకును చేసుకున్నాడు.

నిఘంటుప్రియ: పౌలును యోహానుతో కలపకండి. పౌలుది దత్తత, రోమా చట్టంలో వారసత్వం దాకా వెళ్లే మాట. విశ్వాసులను యోహాను కుమారులనడు, పిల్లలంటాడు. 13వ వచనంలో “దేవునివలన పుట్టినవారే” అని కూడా అంటాడు. అసలు చిక్కు అధికారంలో లేదు, “అగుటకు”లో ఉంది. పుట్టిన బిడ్డ మళ్లీ బిడ్డ కావడమేమిటి?

తర్కప్రియుడు: విశ్వాసముంచడమే ఆ పుట్టుక అనుకుంటే చిక్కే లేదు.

నిఘంటుప్రియ: అయితే అధికారం పుట్టుకకు ముందు ఇచ్చినట్టా, తర్వాతా?

సీమపాఠకుడు: కృష్ణాతీరం గారూ, 1 యోహాను 3:1 చూశారా? “మనము దేవుని పిల్లలమని పిలువబడునట్లు తండ్రి మనకెట్టి ప్రేమననుగ్రహించెనో చూడుడి.” పిల్లలూ ఉన్నారు, అనుగ్రహించడమూ ఉంది. రెండు వచనాలూ కలిసిపోయాయేమో.

కృష్ణాతీరం: చూశానండీ. అక్కడ ఉన్నది ప్రేమ. నాకు వినిపిస్తున్నది భాగ్యమే.