అమ్మకు హఠాత్తుగా ఛాతీ బిగుసుకుపోయి, కాళ్లు పట్టు తప్పాయి. కారణం ఏమై ఉంటుంది?

అందరికీ నమస్కారం. అమ్మకు 58 ఏళ్లు. గత గురువారం సాయంత్రం తులసికోట దగ్గర దీపం పెట్టి లేవబోతూ ఛాతీ మీద చేయి వేసుకుంది. "ఎవరో తాడుతో బిగిస్తున్నట్టుంది" అంది. పట్టుకుని లేపబోతే రెండు కాళ్లూ బలం లేక మడతపడిపోయాయి. మాట స్పష్టంగానే ఉంది, మూతి వంకరపోలేదు. నుదుటి మీద చెమట మాత్రం ధారగా కారింది. తుడుస్తుంటే నా చేతులు వణికాయి.

108కు ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఈసీజీ, గుండె కండరం దెబ్బతిందేమో చూడటానికి రెండుసార్లు చేసిన ట్రోపోనిన్ రక్తపరీక్ష మామూలుగానే వచ్చాయి. రక్తంలో పొటాషియం 2.8 ఉంది, 3.5 కంటే తగ్గకూడదట. సెలైన్‌లో పొటాషియం ఎక్కించాక తెల్లవారేసరికి నడిచింది. ఆందోళన వల్లేనని ఇంటికి పంపేశారు. నాకు మనసొప్పడం లేదు.

అమ్మ రెండేళ్లుగా మూత్రం ఎక్కువగా పోయే మందు కలిసిన బీపీ మాత్ర వాడుతోంది. దానివల్ల పొటాషియం పడిపోతుందని చదివాను. అంతకుముందు రెండు రోజులు విరేచనాలు కూడా అయ్యాయి. థైరాయిడ్ ఎక్కువైనా కాళ్లు ఇలా చచ్చుబడవచ్చట, ఆ పరీక్ష ఎవరూ రాయలేదు. గుండె నుంచి వచ్చే పెద్ద ధమని గోడ చీలినా ఈ రెండు లక్షణాలూ కలిసి రావచ్చని తెలిసినప్పటి నుంచి నాకు నిద్ర లేదు. స్కాన్ తీయలేదు మరి.

రేపు ఉదయమే మళ్లీ తీసుకెళ్తున్నాం. ముందు గుండె డాక్టరుకా, నరాల డాక్టరుకా చూపించాలి? ఏ పరీక్షలు అడగాలి? మీ ఇంట్లో ఎవరికైనా ఇలా జరిగి ఉంటే చివరికి ఏమని తేలిందో దయచేసి చెప్పండి.