వారానికి నాలుగే గంటలుంటే: బరువులా, కార్డియోనా, తిండి ఒక్కటే చాలా?

మళ్ళీమొదలు:

విషయం కొంచెం పొడుగు, ఓపిగ్గా చదవండి. రెండేళ్ళ కిందట ఐదు నెలల్లో 11 కిలోలు తగ్గాను. అందుకు చేసినవి రెండే, రోజూ పరుగు, తిండి బాగా తగ్గించేయడం. మధ్యాహ్నం దాదాపు ఏమీ తినేదాన్ని కాదు. వారం వారం తూకం దిగుతుంటే ఇంకా తక్కువ తినాలనిపించేది. తర్వాత పని పెరిగి పరుగు ఆగిపోయింది, ఆకలి మాత్రం ఆగలేదు, ఏడాది తిరిగేసరికి 8 కిలోలు వెనక్కి వచ్చేశాయి. నన్ను ఎక్కువ బాధపెడుతున్నది ఆ 8 కిలోలు కాదు. లెక్క ప్రకారం ఇప్పటికీ నేను మొదటి బరువు కంటే 3 కిలోలు తక్కువే, అయినా అప్పుడు సరిపోయిన బట్టలు ఇప్పుడు నడుము దగ్గర పట్టడం లేదు. నాలుగు అంతస్తులు ఎక్కితే తొడలు వణుకుతున్నాయి.

మళ్ళీ మొదలుపెడదామనుకుంటున్నాను. వారానికి నాలుగు గంటలు, అంతకు మించి ఎంత సర్దుకున్నా దొరకదు. జిమ్‌లో ట్రైనర్ "కార్డియో (పరుగు, నడక, సైకిల్ లాంటివి) టైం వేస్ట్, బరువులు ఎత్తండి చాలు" అన్నారు. నాతో పరుగెత్తిన ఫ్రెండ్ బరువులతో కొవ్వు కరగదంటోంది. మా అన్నయ్యేమో వ్యాయామం గుండె కోసం, బరువు తగ్గడానికి తిండి ఒక్కటే అంటాడు. ముగ్గురూ గట్టిగానే చెప్తున్నారు. ఈ నాలుగు గంటలు దేనికి పెట్టాలి?

కంచంచూడు:

మీ అన్నయ్య చెప్పిందే కరెక్ట్ అండీ. ఒక కిలో కొవ్వులో దాదాపు 7,700 క్యాలరీలుంటాయి. 70 కిలోల మనిషి 5 కిలోమీటర్లు పరుగెత్తితే ఖర్చయ్యేది 350 చుట్టుపక్కల. అంటే ఒక్క కిలోకి 22 పరుగులు, అదీ ఆ పరుగుల తర్వాత ఒక్క ముద్ద కూడా అదనంగా తినకపోతే. అదే 350ని కంచంలోంచి, తాగే తీపి పానీయాల్లోంచి తీసేయడానికి అసలు సమయమే అక్కర్లేదు. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు, చేతి వాచీ 500 ఖర్చయ్యాయని చూపిస్తుంది, అది నమ్మి 600 తినేస్తారు. నన్నడిగితే మొదటి మూడు నెలలు తిండి ఒక్కదాని మీదే దృష్టి పెట్టండి, ఆ నాలుగు గంటలు హాయిగా నిద్రపోండి.

ఇనుపగుండు:

క్యాలరీల లెక్కతో నాకు గొడవ లేదు. కానీ ఆవిడ తిండి తగ్గించీ, పరుగెత్తీ కదా ఇక్కడికొచ్చారు? పోయిన 11 కిలోల్లో కొవ్వెంత, కండ ఎంత అన్నది తూకం చెప్పదు. తిండి బాగా తగ్గితే శరీరం కొవ్వుతో పాటు కండనీ వాడేసుకుంటుంది, పని లేని కండ అయితే ఇంకా తొందరగా. తిరిగి పెరిగేటప్పుడు మాత్రం, బరువులెత్తే అలవాటు లేకపోతే, ఎక్కువ భాగం కొవ్వుగానే వస్తుంది. నడుము దగ్గర బట్టలు పట్టకపోవడానికి, తొడలు వణకడానికి కారణం అదేనని నా అనుమానం.

కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీవాళ్ళు 40 మంది కుర్రాళ్ళతో నాలుగు వారాలు చేసిన పరిశోధన ఒకటి 2016లో వచ్చింది. అందరికీ అవసరం కంటే 40 శాతం తక్కువ క్యాలరీలు, వారానికి ఆరు రోజులు కఠినమైన వ్యాయామం, తేడా అంతా ప్రొటీన్‌లోనే. శరీర బరువులో కిలోకి 2.4 గ్రాములు తిన్నవాళ్ళకు 4.8 కిలోల కొవ్వు పోయి, కొవ్వు కాని బరువు 1.2 కిలోలు పెరిగింది. 1.2 గ్రాములు తిన్నవాళ్ళకు 3.5 కిలోల కొవ్వు పోయింది, కండ పెరగలేదు కానీ తగ్గనూ లేదు. అంత తక్కువ తింటూ కూడా! కండకు పని ఉండాలి, దానికి కావలసిన తిండి ఉండాలి, అప్పుడు నిలబడుతుంది. కార్డియో వల్ల ఇది జరగదు. పైగా రెండూ కలిపితే బలం పెరగడం ఆగిపోతుందని 1980లోనే హిక్సన్ అనే పరిశోధకుడు చూపించారు. నాలుగు గంటలూ బరువులకే పెట్టండి.

పొద్దుటిపరుగు:

ఇనుపగుండు గారూ, మీరు తెచ్చిన రెండు ఉదాహరణలూ మీ మాటకే అడ్డం వస్తున్నాయి. మెక్‌మాస్టర్ కుర్రాళ్ళు చేసినది ఒట్టి బరువులు కాదు, గుండె దడదడలాడే ఇంటర్వల్స్, అంటే కాసేపు చాలా వేగంగా, కాసేపు నెమ్మదిగా చేసే కార్డియో కూడా అందులో ఉంది. అంటే వాళ్ళు చేసింది రెండూ కలిపే. ఇక హిక్సన్ ప్రయోగంలో రెండూ చేసిన గుంపు వారానికి ఐదు రోజులు బరువులు, ఆరు రోజులు గట్టి కార్డియో, పది వారాల పాటు చేశారు. అంత చేసినా మొదటి ఆరేడు వారాలు వాళ్ళ బలం బాగానే పెరిగింది, ఆ తర్వాతే ఆగింది. వారానికి నాలుగు గంటలు దొరికే మనిషిని దాన్ని చూపించి భయపెట్టకండి.

ఇప్పుడు నా వైపు లెక్క వినండి. అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీవాళ్ళు అధిక బరువున్న, వ్యాయామం అలవాటు లేని పెద్దవాళ్ళని తీసుకుని ఎనిమిది నెలలు చూశారు, ఫలితాలు 2012లో వచ్చాయి, 119 మంది చివరిదాకా ఉన్నారు. తిండి మార్చమని చెప్పలేదు. కార్డియో చేసినవాళ్ళకు సుమారు 1.7 కిలోల కొవ్వు పోయింది, రెండూ చేసినవాళ్ళకు 2.4, బరువులు మాత్రమే చేసినవాళ్ళకు పావు కిలో. పావు కిలో అండీ, ఎనిమిది నెలలకి! "కండ పెరిగితే కూర్చున్నా కొవ్వు కరుగుతుంది" అని జిమ్‌లలో చెప్పే మాట కూడా లెక్కకు నిలవదు. విశ్రాంతిలో ఒక కిలో కండ రోజుకు ఖర్చు చేసేది దాదాపు 13 క్యాలరీలు, కొవ్వయితే 4.5. రెండు కిలోల కండ కష్టపడి పెంచితే అదనంగా వచ్చేది రోజుకు 26.

ఇనుపగుండు:

13 క్యాలరీల సంగతి ఒప్పుకుంటాను. నేను కూడా ఆ మాట చాలా ఏళ్ళు నమ్మాను, ఇంకొకళ్ళకి చెప్పాను, అది పెద్ద లాభం కాదు. ఇంటర్వల్స్ సంగతి కూడా మీరన్నదే నిజం. కానీ డ్యూక్ లెక్కలో రెండు విషయాలు మీరు వదిలేశారు. రెండూ చేసినవాళ్ళు దాదాపు రెట్టింపు సమయం పెట్టారు, ఈవిడకి ఆ సమయం లేదు. రెండోది, బరువులు చేసినవాళ్ళకు కొవ్వు కాని బరువు కిలో పైగా పెరిగింది, కార్డియోవాళ్ళకు పెరగలేదు. అక్కడ తిండి మార్చలేదు కాబట్టి కొవ్వు తగ్గించే బాధ్యతంతా వ్యాయామం మీదే పడింది. ఈవిడ తిండి ఎలాగూ తగ్గిస్తారు. తిండి తగ్గిస్తే కొవ్వు పోతుంది, మరి కండని కాపాడేది ఎవరు? ఆ నాలుగు గంటలు దానికి పెట్టాలన్నదే నా వాదన.

కొత్తగాచేరా:

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. నేను బరువులు మొదలుపెట్టి మూడు వారాలైంది, తిండి కూడా తగ్గించాను, అయినా తూకం కిలోన్నర పెరిగింది. చాలా టెన్షన్‌గా ఉంది, ఆపేయాలా?

ఇనుపగుండు:

ఆపకండి. కొత్తగా పని పడిన కండలు నీటిని, గ్లైకోజెన్‌ని (కండలో నిలవ ఉండే పిండిపదార్థం) పట్టి ఉంచుకుంటాయి, ఒక గ్రాము గ్లైకోజెన్‌తో సుమారు మూడు గ్రాముల నీళ్ళు చేరతాయి. నడుము చుట్టూ టేపు పెట్టి కొలుచుకోండి, బొడ్డు దగ్గర, ఊపిరి మామూలుగా వదిలి, వారానికి ఒక్కసారి. నెల రోజుల తర్వాత కూడా అది కదలకపోతే అప్పుడు తిండి చూద్దాం.

అరవైదాటాక:

నాకు 63. ఈ చర్చ చదువుతుంటే ఒకటి చెప్పాలనిపించింది. నాలుగేళ్ళ కిందట బరువు తగ్గమంటే నడక ఒక్కటే చేశాను, తిండి సగం చేశాను. 9 కిలోలు తగ్గాను, అందరూ మెచ్చుకున్నారు. కానీ నేల మీద కూర్చుంటే చెయ్యి ఆనించకుండా లేవలేకపోయేదాన్ని. తగ్గక ముందు లేవగలిగేదాన్ని! ఆ రోజు నాకు నిజంగా భయమేసింది.

తర్వాత తెలిసింది, మా వయసువాళ్ళ మీదే ఒక పరిశోధన ఉందని. న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో 2017లో వచ్చింది, 65 దాటిన 160 మంది ఊబకాయులు, ఆరు నెలలు. తిండి తగ్గించడంతో పాటు ఒక గుంపుకు కార్డియో, ఒక గుంపుకు బరువులు, ఒక గుంపుకు రెండూ. బరువు మూడు గుంపులకూ ఒకేలా, 9 శాతం తగ్గింది. ఇనుపగుండు గారి మాట ఇక్కడ నిజమైంది, కొవ్వు కాని బరువు కార్డియోవాళ్ళకు 5 శాతం పోతే బరువులవాళ్ళకు 2 శాతమే పోయింది, తుంటి ఎముక సాంద్రత కార్డియోవాళ్ళకే ఎక్కువ తగ్గింది. కానీ లేవడం, నడవడం, మెట్లెక్కడం లాంటి పనుల పరీక్షలో రెండూ కలిపి చేసినవాళ్ళు 21 శాతం మెరుగుపడ్డారు, ఏదో ఒకటే చేసినవాళ్ళు 14 శాతం. కాబట్టి పొద్దుటిపరుగు గారి మాట కూడా కొట్టిపారేయలేం. నేనిప్పుడు రెండు రోజులు బరువులు, మిగతా రోజులు నడక. చెయ్యి ఆనించకుండా లేస్తున్నాను. మళ్ళీమొదలు అమ్మా, తొడలు వణుకుతున్నాయన్నావు చూడు, దాన్ని తూకం కంటే ముందు పట్టించుకో తల్లీ.

కంచంచూడు:

అమ్మా, మీ మాట చదివాక నా మొదటి సలహా మార్చుకుంటున్నాను, బరువులు వద్దని ఇక అనను. కానీ తిండి సంగతి ఇక్కడ అందరూ "అదెలాగూ జరుగుతుంది" అన్నట్టు వదిలేస్తున్నారు, అది జరగదు. డైట్ ఎంత చేసినా తగ్గడం లేదని చెప్పిన 10 మందిని 1992లో పరీక్షిస్తే, తిన్నదాన్ని సగటున 47 శాతం తక్కువ చేసి చెప్తున్నారని, కదలికని 51 శాతం ఎక్కువ చేసి చెప్తున్నారని తేలింది. వాళ్ళు అబద్ధాలకోరులు కాదు. వంటలో పోసిన నూనె, నిలబడి నోట్లో వేసుకున్నది, రుచి చూసింది, ఇవేవీ గుర్తుండవు. రెండు వారాలు తిన్న ప్రతిదీ తినకముందే రాసుకోండి, జీవితమంతా రాయనక్కర్లేదు.

నిద్ర గురించి నేనన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను. షికాగో యూనివర్సిటీ పరిశోధన ఒకటి 2010లో వచ్చింది, పదిమందే, రెండేసి వారాలు, ఒకే రకమైన తక్కువ తిండి. రాత్రి ఎనిమిదిన్నర గంటలు పడుకునే అవకాశం ఇచ్చినప్పుడు 1.4 కిలోల కొవ్వు పోయింది, ఐదున్నర గంటలే ఇచ్చినప్పుడు 0.6. మొత్తం బరువు మాత్రం రెండుసార్లూ దాదాపు మూడు కిలోలు తగ్గింది! అంటే నిద్ర తక్కువైనప్పుడు పోయినదాంట్లో ఎక్కువ కొవ్వు కానిదే. చిన్న ప్రయోగమే, అయినా వ్యాయామం కోసం నిద్ర కోసుకునేవాళ్ళు ఒకసారి ఆలోచించాలి.

మళ్ళీమొదలు:

నిద్ర విషయం చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. అప్పట్లో పరుగు కోసం నాలుగున్నరకే లేచేదాన్ని, పడుకునేది పన్నెండుకి. మధ్యాహ్నం తిండి లేదు, బరువులు లేవు, నిద్ర లేదు. తూకం దిగడమే గెలుపనుకున్నాను. తిండి ఎంత తగ్గించాలో కూడా చెప్పండి, ఈసారి పస్తులుండలేను.

కంచంచూడు:

ఉండకూడదు కూడా. రోజుకు 300 నుంచి 500 క్యాలరీల లోటు చాలు. వారానికి శరీర బరువులో అర శాతం చుట్టుపక్కల తగ్గితే మంచి వేగం, ఒక శాతం దాటితే ఎక్కువ కోస్తున్నట్టు. ప్రొటీన్ కిలో బరువుకి 1.6 గ్రాముల దగ్గర పెట్టుకోండి, కిడ్నీ సమస్య ఉంటే మాత్రం ముందు డాక్టర్‌ని అడగాలి. దాన్నంతా రాత్రికి దాచకుండా ప్రతి పూటా కొంత తినండి, ఆకలి చాలా వరకు అక్కడే అదుపులోకొస్తుంది. ప్యాకెట్లలో వచ్చే చిరుతిళ్ళు ఇంట్లో లేకుండా చూసుకోండి, ఎదురుగా ఉంటే చెయ్యి ఆగదు.

మళ్ళీమొదలు:

అయితే ఇలా అనుకుంటున్నాను. మూడు రోజులు బరువులు, ఒక్కోసారి 50 నిమిషాలు. స్క్వాట్లు (బరువుతో గుంజీళ్ళలా కూర్చుని లేవడం), డెడ్‌లిఫ్టులు (నేల మీది బరువుని నిలబడి ఎత్తడం), తోసేవి, లాగేవి, అంతే. మిగిలిన 90 నిమిషాలు రెండు రోజులు కార్డియో. అప్పటి పరుగుల అలవాటు ఉంది కాబట్టి నేరుగా పరుగే మొదలుపెట్టవచ్చా?

పొద్దుటిపరుగు:

నేనైతే సగం సగం పెట్టమనేవాణ్ణి. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది కూడా వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, దానికి తోడు రెండు రోజులు కండలకు పని. మీకు 60 నిమిషాలు తక్కువ పడుతోంది. ఫోన్ మాట్లాడేటప్పుడు, పనికి వెళ్ళేటప్పుడు వేగంగా నడిస్తే అదీ లెక్కలోకే వస్తుంది, ఆ నడకని మీ నాలుగు గంటల్లోంచి తీయనక్కర్లేదు. తగ్గిన బరువు మళ్ళీ రాకుండా నిలబెట్టుకోవడానికి అలా రోజంతా కదలడం చాలా అవసరం, పోయినసారి పరుగుతో పాటు మీకు ఆ కదలిక కూడా ఆగిపోయింది.

పరుగు మాత్రం వెంటనే వద్దు. మీ ఊపిరి తొందరగా తిరిగొస్తుంది, మోకాళ్ళు, పిక్కల టెండన్లు (కండని ఎముకకి కట్టి ఉంచే పట్టీలు) అంత తొందరగా సిద్ధం కావు. మొదటి నెల వేగంగా నడవండి, లేకపోతే సైకిల్ తొక్కండి, మాట్లాడగలగాలి కానీ పాట పాడలేకపోవాలి, అంత వేగం. తర్వాత నడక మధ్యలో ఒక్కో నిమిషం పరుగు కలుపుతూ వెళ్ళండి.

ఇనుపగుండు:

ఒకే రోజు రెండూ చేయాల్సొస్తే బరువులు ముందు, కార్డియో తర్వాత. అలిసిపోయిన కాళ్ళతో స్క్వాట్లు చేయొద్దు. ప్రతిసారీ రాసుకోండి, ఎంత బరువు, ఎన్నిసార్లు. రెండు వారాలకోసారైనా అందులో ఏదో ఒకటి పెరగాలి, తిండి లోటులో ఉన్నప్పుడు కనీసం తగ్గకూడదు. ఆ అంకెలు వరుసగా పడిపోతుంటే తూకం ఎంత దిగినా సంతోషపడకండి, ఆ వారం తిండి కొంచెం పెంచండి.

అరవైదాటాక:

పొద్దున నాలుగున్నరకి మాత్రం లేవకమ్మా.

మళ్ళీమొదలు:

లేవనమ్మా. అలారం ఆరుకి మార్చేశాను. సోమవారం మొదటి రోజు, ఒట్టి రాడ్‌తోనే మొదలుపెడతాను. ఇప్పుడు నడుము కొలత 94 సెంటీమీటర్లు, ఇక్కడ రాసి ఉంచుతున్నాను.