వరుస తప్పించి ముందు వెళ్లేవారి గురించి పిల్లవాడికి ఏమని చెప్పాలి?

ప్రశ్న (విజయవాడ)
మా అబ్బాయికి ఆరేళ్లు. ఇంద్రకీలాద్రిపై ఉచిత దర్శనం క్యూలో ఉండగా, మా తర్వాత వచ్చిన టికెట్టు వారు పక్క వరుసలో ముందుకు సాగిపోవడం చూసి, "మనం ముందొచ్చాం కదా నాన్నా?" అని అడిగాడు. వాళ్లు డబ్బు కట్టారని చెప్పాను. మర్నాడు పార్కులో జారుడుబల్ల దగ్గర మా వాడు ముందున్న పిల్లవాడికి చిప్స్ ఇచ్చి, వాడికంటే ముందు ఎక్కాడు. వీడికి న్యాయం ఎలా వివరించాలి?

జవాబు (గుంటూరు, ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయిని)
ఆ వయసులో తనకు తగ్గితేనే అన్యాయంగా తోస్తుంది. బ్లేక్, మెకాలిఫ్ అనే పరిశోధకులు 2011లో ప్రచురించిన అధ్యయనంలో, నాలుగు నుంచి ఏడేళ్ల పిల్లలు ఎదుటివారికి ఎక్కువ మిఠాయిలు వచ్చే పంపకాన్నే కాదన్నారు. ఎనిమిదేళ్ల వారు తమకు ఎక్కువ వచ్చే పంపకాన్ని కూడా వద్దన్నారు. కాబట్టి మీ అబ్బాయికి ఇంకా కొంత సమయం ఇవ్వండి.

అయితే మా బడిలో నేను గమనించిన అసలు సంగతి భయం. మధ్యాహ్న భోజనానికి నిలబడినప్పుడు, తన దాకా వచ్చేసరికి గుడ్లు అయిపోతాయేమోనన్న బెంగతోనే చివరనున్న చిన్నపిల్లలు తోసుకొస్తారు. గుడ్ల గిన్నె అందరికీ కనబడేలా ముందే చూపించి, రోజు విడిచి రోజు వరుసను చివరి నుంచి మొదలుపెడితే, ఆ తోపులాట చాలావరకు తగ్గిపోతుంది.

జవాబు (విజయవాడ)
ఉపాధ్యాయిని గారి మాటకు ఒకటి చేరుస్తాను. ఆ చిప్స్ తీసుకున్న పిల్లవాడు మీ వాడి స్థానంలోకి వెళ్లాడా, లేక అక్కడే ఉన్నాడా? ఇద్దరూ చోట్లు మార్చుకుంటే మిగతావారికి నష్టం లేదు. అక్కడే ఉండి మీ వాణ్ణి ముందు దూర్చితే మాత్రం, మధ్యలో ఉన్న ప్రతి పిల్లవాడూ ఇంకొక వంతు ఆగాలి, వాళ్లకేమో చిప్స్ అందలేదు. ఈ లెక్క ఆరేళ్లవాడికి బాగానే అర్థమవుతుంది. ఆసుపత్రిలో ఓపీ చీటీల వరుస ఉండగానే ప్రమాదంలో గాయపడినవారిని నేరుగా లోపలికి తీసుకెళ్లడం ఎందుకో కూడా పిల్లలు ఇట్టే గ్రహిస్తారు. గుడి టికెట్టు గురించి అడిగితే, అది దేవస్థానం పెట్టిన పద్ధతి అని చెప్పి, మీకు అది న్యాయమనిపిస్తుందో లేదో దాచకుండా చెప్పండి. అలాగే బస్టాండులో కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపడం పిల్లల ఎదుట మానేయాలి, ఎందుకంటే వాళ్లు మన మాటకంటే ఆ కర్చీఫ్‌నే ముందు నేర్చుకుంటారు.

ప్రశ్న అడిగినవారు
ఆ పిల్లవాడు అక్కడే ఉన్నాడండీ. వాడికీ మా వాడికీ మధ్య మరో ముగ్గురు నిలబడి ఉన్నారు. సాయంత్రం పార్కుకు తీసుకెళ్లి, ఎవరెవరు ఎన్ని వంతులు ఎక్కువ ఆగాల్సి వచ్చిందో వాడిచేతే లెక్కపెట్టిస్తాను.