విదేశీ వాటా ఉన్న ఓడకు భారత జెండా ఇవ్వవచ్చునా?

చర్చాంశం: 1958 నాటి మర్చంట్ షిప్పింగ్ చట్టం స్థానంలో 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన కొత్త చట్టం, పూర్తిగా భారతీయుల సొత్తు కాని ఓడలకు కూడా ఇక్కడ రిజిస్ట్రేషన్‌కు, అంటే భారత జెండా కింద నడవడానికి, వీలు కల్పించింది. ఇది సమంజసమేనా?

విశాఖవాసి:
సమంజసమే. 1987–88లో మన ఎగుమతి దిగుమతుల సరుకులో 40 శాతం మన ఓడలే మోసేవి. ఇప్పుడది 5 శాతం దరిదాపులకు పడిపోయింది. విదేశీ ఓడలకు ఏటా సుమారు 6 లక్షల కోట్ల రూపాయల కిరాయి కడుతున్నామని 2025 సెప్టెంబరులో భావనగర్‌లో ప్రధానమంత్రే చెప్పారు. అద్దెకు తెచ్చుకొని, వాయిదాలు తీర్చి, చివరికి సొంతం చేసుకొనే ఓడను ముందునుంచే మన జెండా కింద నడుపుకోనిస్తే చిన్న కంపెనీలకు ఎంతో ఊరట.

తీరరేఖ:
విశాఖవాసి గారూ, మీరు చెప్పిన పతనం నిజమే గాని, దానికి ఓడ పూర్తిగా భారతీయులదే కావాలన్న పాత నిబంధనే కారణమంటే ఒప్పుకోలేను. ఓడల రంగంలో నూరు శాతం విదేశీ పెట్టుబడికి చాలాకాలంగా అనుమతి ఉంది. ఆ పెట్టుబడితో ఇక్కడ నమోదైన కంపెనీ ఓడ కొనుక్కోవడానికి పాత చట్టమూ అడ్డు చెప్పలేదు. అడ్డం పడినవి అప్పు మీద వడ్డీ, పన్నులూను.

నా అభ్యంతరమల్లా, భారతీయుల వాటా కనీసం ఎంత ఉండాలో చట్టంలో రాయకుండా ప్రభుత్వ నోటిఫికేషన్‌కు వదిలేయడం మీదనే. 2025 మే 25న కొచ్చి దగ్గర మునిగిన ఎంఎస్‌సీ ఎల్సా-3, ఎంఎస్‌సీ అనే విదేశీ ఓడల గ్రూపు నడిపిన లైబీరియా జెండా ఓడ. అందులోని 640 కంటెయినర్లలో 13 ప్రమాదకర సరుకువి. ప్లాస్టిక్ గుళికలు తిరువనంతపురం దాకా ఒడ్డుకు కొట్టుకొచ్చి, జాలర్లు వేటకు వెళ్లలేని పరిస్థితి వచ్చింది. మునిగిన ఓడను పట్టుకొని నష్టపరిహారం రాబట్టలేం కనుక, కేరళ ప్రభుత్వం ఓడల మీద దావాలకు సంబంధించిన 2017 నాటి అడ్మిరాల్టీ చట్టం ఆధారంగా విళింజంలో ఉన్న అదే గ్రూపు ఓడ అకిటెటా-2ను హైకోర్టు ద్వారా నిలిపివేయించింది; ఆ తరువాతే 1,227 కోట్ల రూపాయల పూచీకత్తు కట్టాలన్న ఉత్తర్వు వచ్చింది. ఆ రెండో ఓడ మన రేవులో లేకపోయి ఉంటే ఆ జాలర్లు ఎవరిని అడగాలి? మన జెండా ఎగరేసిన ఓడ వెనకాల కూడా అలాంటి అంతుచిక్కని యజమానులే ఉంటే, ఆ జెండాను నమ్ముకొన్నవారికి ఒరిగేదేమిటి?

విశాఖవాసి:
అంకెను చట్టంలో బిగించేస్తే, మార్చవలసి వచ్చిన ప్రతిసారీ పార్లమెంటుకు వెళ్లాలి. 1958 చట్టం మార్కెట్‌కు వెనకబడిపోయింది అలాగే కదా.

తీరరేఖ:
కనీస వాటా 51 శాతమని చట్టంలో రాసి, అంతకు మించి ఎంత కోరాలన్నది నోటిఫికేషన్‌కు వదిలేస్తే ఆ చిక్కు ఉండదు. దానితో పాటు, వాటాల వెనక అసలు లాభం పొందేవారెవరో, ఈ దేశంలో వారి తరఫున నోటీసు అందుకొనేదెవరో రిజిస్టరులో అందరికీ కనిపించేలా నమోదు చేయాలి. ఈ రెండూ ఉంటే విదేశీ వాటాకు నా అభ్యంతరం లేదు.